ఇంటిల్లిపాదికీ ఒకటే జలుబు

మా సత్తెనపల్లి పక్కల దగ్గులు రెండు రకాలు. ఒకటి మిరపకాయ దగ్గు. కళ్ళాల్లో కాయలు ఎండబోసినప్పుడో, ఏ ఇంట్లోనో కారం దంచుతున్నప్పుడో వస్తుంది. ఘాటు తగిలిన వాళ్ళందరూ ఒక్కసారే దగ్గుతారు. అవతలికి వెళితే అందరికీ ఒక్కసారే తగ్గుతుంది. రెండోది వంతుల దగ్గు. సోమవారం నాడు బడికి వెళ్ళే కుర్రవాడికి ముక్కు కారుతుంది. బుధవారానికి వాడి చెల్లెలికి. శుక్రవారానికి వాళ్ళమ్మకు. హమ్మయ్య, అందరూ లేచి తిరుగుతున్నారు కదా అనుకునే వేళకు తాతగారు మంచమెక్కుతారు.

ఈ వంతుల్లోనే వుంది అసలు సంగతి. ఒకరి దగ్గర నుంచి ఒకరికి చేరుతున్నది కనుకనే అది వరస పెట్టి వస్తోంది. ఈ మాట అంటే మా వీధి పెద్దవాళ్ళు వొప్పుకోరు. “తలంటి పోసుకుని తడిజుట్టుతో తిరిగింది, అందుకే పిల్లలక్కూడా పట్టింది” అని నేరం కోడలి మీదికి తోస్తారు. లేకపోతే జామకాయ మీదికి, అదీ కాకపోతే రాత్రి పెరుగన్నం మీదికి. పాపం, వాటికి నోరు లేదు. వైరస్సు లేనిదే ఈ జలుబు లేదు. మరి చలికాలంలోనే ఎక్కువేమిటంటారా? తలుపులూ కిటికీలూ బిగించుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకోవడం అందుకు ఒక పెద్ద కారణం.

సాంబ్రాణి వేసిన గది చూడండి. కిటికీ తెరిచి వుంటే పొగ నిమిషాల్లో పోతుంది. మూసి వుంటే గంటసేపు తచ్చాడుతుంది. జబ్బుమనిషి దగ్గినా, మాట్లాడినా, వూరికే వూపిరి వదిలినా సన్నని తుంపర బయటికి వస్తుంది. అందులో పెద్ద చుక్కలు దగ్గరలోనే రాలిపోతాయి. మరీ సన్నవి ఆ పొగలాగే గాలిలో తేలుతూ వుంటాయి. ఇది ఒక దారి. రెండో దారి చెయ్యి. కుర్రవాడు ముక్కు తుడుచుకున్న చేత్తోనే గ్లాసు పట్టుకుంటాడు. అదే గ్లాసు పట్టుకున్న చెల్లెలు కన్ను నులుముకుంటుంది. ఫ్లూ వైరస్సు స్టీలు మీద ఒకటి రెండు రోజుల దాకా బతకగలదు. గుడ్డ మీద అంతసేపు వుండదు. చేతి మీద కొద్ది నిమిషాలే. కాని కంటికీ ముక్కుకూ చేరడానికి ఆ నిమిషాలు చాలు.

ఇంట్లోకి ముందుగా దాన్ని మోసుకొచ్చేదెవరు? అమెరికాలో క్లీవ్‌లాండు నగరంలో 1948 నుంచి 1957 దాకా కొన్ని కుటుంబాలను వైద్యులు ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు వచ్చిందో రాసి పెట్టారు. 1964లో దాన్నంతా పుస్తకంగా వేశారు. జలుబులను ఇంటికి తెచ్చేవాళ్ళలో బడిపిల్లలే ముందున్నారని తేలింది. తండ్రులకన్న తల్లులకు జలుబులు ఎక్కువ వచ్చాయనీ తేలింది. ముక్కు తుడిచేదెవరో, పక్కలో పడుకోబెట్టుకునేదెవరో మనకు తెలియనిదా!

“ఒకరికి వస్తే అందరికీ రాక తప్పదు, ఎందుకండీ ఈ హడావుడి?” అనేవాళ్ళు వున్నారు. వాళ్ళకు మన సొంత లెక్కలే సమాధానం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తమిళనాడులోనూ సిబ్బంది వూరూరా తిరిగి, జబ్బు పడ్డవారితో ఎవరెవరు మెలిగారో ఆరా తీశారు. మా వూరు అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే వుంది. పల్నాడు జిల్లా 2022లో కదా ఏర్పడింది. ఆ ఆరాలో 84,965 మంది రోగులతో మెలిగిన 5,75,071 మంది లెక్క తేలి, అదే సంవత్సరం ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఒకే ఇంట్లో వున్నవారిలో నూటికి సుమారు 9 మందికి అంటింది. ఇంటి బయట కలిసినవారిలో నూటికి ముగ్గురికన్న తక్కువ. నూటికి 70 మంది రోగుల నుంచి మరెవరికీ అంటినట్టు కనపడలేదు. కాని ముక్కుకు అడ్డం లేకుండా, ఒకే బండిలో దగ్గర దగ్గరగా 6 గంటలకు పైగా ప్రయాణం చేసినవారిలో మాత్రం నూటికి 79 మందికి అంటింది!

ఆ తరువాత వచ్చిన కోవిడ్ రకాలు ఇంకా జోరుగా పాకాయి కనుక ఆ 9ని శిలాశాసనంగా తీసుకోకండి. లెక్క వెనక వున్న నీతిని తీసుకోండి. ఒకే కప్పు కింద వున్నంత మాత్రాన అందరికీ అంటి తీరాలని లేదు. దగ్గరగా వుండడం, మూసిన గాలి, ఎక్కువసేపు — ఈ మూడూ కలిసినచోట ప్రమాదం. మూడింట్లో ఏది తగ్గించినా లాభమే.

మా పక్కింటి పిన్నిగారి సంగతి చెబుతాను. పోయిన సంక్రాంతికి ఆవిడ కూతురు పురిటికి వచ్చి వుంది. ఇరవై రోజుల పసిపిల్ల. హైదరాబాదు నుంచి పెద్దకొడుకూ, కోడలూ, పిల్లలూ దిగారు. పెద్దమనవడికి చీదుడు. రాగానే చంటిదాన్ని ఎత్తుకుంటానని గొడవ. వాడి వెనకాలే చూడ్డానికి చుట్టాలు.

“అక్కయ్యగారూ, ముద్దుపెట్టుకోవద్దంటే నొచ్చుకుంటారు. వూరుకుంటే పిల్లకు అంటుతుంది. ఏం చెయ్యమంటారు?” అంది పిన్నిగారు.

“గడప దగ్గర కాళ్ళు కడుక్కోమంటే ఏ చుట్టమైనా నొచ్చుకున్నాడా?” అన్నాను.

ఆవిడ చురుకైన మనిషి. మరి చెప్పనక్కరలేకపోయింది. అరుగు మీద బిందె పక్కన సబ్బు పెట్టింది. వచ్చినవాళ్ళకు నీళ్ళు తనే పోస్తూ, “కాళ్ళతోపాటు చేతులు కూడా, నాయనా!” అంది. జలుబు వున్నవాళ్ళు వసారాలో నుంచే చూశారు. మనవడి పక్క కిటికీ దగ్గరికి మారింది. వాడికి వేరే తువ్వాలు, వేరే గ్లాసు ఇచ్చారు. వాడి సేవ తండ్రి చేశాడు. బాలింత ఆ గదిలోకి పోలేదు. ఒక్క బాబాయిగారు మాత్రం మూతి ముడుచుకుని, అరిసెలు తిని సర్దుకున్నారు. చంటిదానికి జలుబు రాలేదు. అంతా సబ్బు మహిమే అనను. కాని సబ్బును తక్కువ చెయ్యకండి. కరాచీ పేటల్లో చేసిన పరీక్షలో సబ్బుతో చేతులు కడుక్కునే ఇళ్ళల్లో అయిదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా సగానికి తగ్గిందని 2005లో ప్రకటించారు. మందు కలిపిన సబ్బూ మామూలు సబ్బూ సమానంగానే పనిచేశాయట.

ఇంకొక చిక్కు వుంది. ఫ్లూ పైకి కనపడడానికి ఒక రోజు ముందే అంటడం మొదలవుతుంది. “జ్వరం వచ్చాక వేరే పడుకోబెడితే ఏం లాభం?” అనకండి. మొదటి మూడు నాలుగు రోజులే జోరు ఎక్కువ. అప్పుడు దూరం పెట్టినా చాలా మేలు. గిన్నెలు వేరుగా వుడకబెట్టనక్కరలేదు, సబ్బుతో తోమితే చాలు. తల్లికే జలుబు చేస్తే పాలు మాన్పించవద్దు. చేతులు కడుక్కుని, ముక్కుకూ నోటికీ అడ్డం కట్టుకుని ఇవ్వాలి. మందుల కొట్లో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ బిళ్ళలు వైరస్సును ఏమీ చెయ్యలేవు. ముసలివాళ్ళకు ఏటేటా ఫ్లూ టీకా సంగతి డాక్టరుగారిని అడగండి.

ఒక్కటి మాత్రం ఇంటివైద్యంతో సరిపెట్టుకోవద్దు. పిల్ల నిదానంగా వున్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషంపాటు వూపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు శిశువుకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40 — అంతకు చేరినా దాటినా, డొక్కలు లోపలికి పీలుస్తున్నా, పాలు తాగకపోయినా, తెల్లవారనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చివరగా మగవారికొక మనవి. జబ్బు ఇంట్లో వంతుల మీద తిరుగుతున్నప్పుడు సేవ మాత్రం ఒక్క ఇల్లాలి మీదే ఎందుకు వుండాలి? అది కూడా వంతులు వేసుకోండి.