2004లో ఓడించాం, 2008లో పొలాలు పోయాయి

ఎన్నికలు దగ్గరపడితే చాలు, అభివృద్ధి చేసిన నాయకుణ్ణి మళ్లీ గెలిపించాలా వద్దా అన్న చర్చ టీ కొట్టు దగ్గర మొదలవుతుంది. ఎవరో ఒకరు 2004 సంగతి ఎత్తుతారు. రైతుకు కోపమొస్తే ఎంతటివాడైనా దిగాల్సిందే అంటారు. ఆ ఓటు వేసినవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ ఆ కథను మనం ప్రతిసారీ సగంలో ఆపేస్తున్నాం.

1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడు గారు తాను రాష్ట్రానికి సీఈఓనని చెప్పుకునేవారు. మిరప, పత్తి పొలాల్లోంచి చూసే మాకు మాత్రం ఆయన హైదరాబాదు మేయరులాగా కనిపించేవారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం, 2000లో క్లింటన్ రాక, నగరం నిండా ఫ్లైఓవర్లు. అదంతా ఉత్తదని మేమనం. ఆ కంపెనీల్లో మన పిల్లలు కూడా ఉద్యోగాలు చేస్తున్నారు, దాచుకోవాల్సిన మాటేం కాదు. అయితే 1999 జనవరిలో విడుదలైన విజన్ 2020 పత్రంలో మనకిచ్చిన చోటు ఏమిటి? సేద్యం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని ఆలోచన. పొలం వదిలినవాడు ఎక్కడికి పోవాలో ఊళ్లో ఎవరూ వచ్చి చెప్పలేదు.

పురుగుమందుల దుకాణంలో అరువు, అరువు మీద వడ్డీ, అది తీర్చడానికి పంట మళ్లీ ఆ షావుకారు చేతికే. పత్తి రైతు ఆ మందే తాగి చనిపోయిన రోజులవి. 2000లో కరెంటు ఛార్జీలు పెంచారు. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు వదిలారు. 2003 అక్టోబరులో అలిపిరి దాడి నుంచి బయటపడ్డ ముఖ్యమంత్రి గడువుకు ముందే ఎన్నికలకు వెళ్లారు. 1999లో 180 సీట్లు గెలిచిన పార్టీకి 2004లో 294కు 47 వచ్చాయి. కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు మే 14న మొదటి సంతకం ఉచిత విద్యుత్ మీద పెట్టారు. మోటారున్న ప్రతి రైతుకూ అది మేలు చేసింది, ఇప్పటికీ చేస్తోంది.

మనం ఆపేసేది ఇక్కడే.

నాలుగేళ్లు తిరక్కుండానే, 2008 మార్చిలో, మేం గెలిపించిన ఆ ప్రభుత్వమే రస్ అల్ ఖైమా అనే గల్ఫ్ రాజ్యంతో ఒప్పందం చేసుకుంది. వాడరేవు దగ్గర ఓడరేవు, నిజాంపట్నం దగ్గర ఓడరేవు, వాటిని ఆనుకుని పరిశ్రమలు. పేరు వాన్‌పిక్. దొరువులు తవ్వి, కుండలతో నీళ్లు మోసి వేరుశనగ, కూరగాయలు పండించుకునే ఇసుక నేలలు ఈ తీరానివి. సరుగుడు తోటలు, జీడిమామిడి, చినగంజాం వైపు ఉప్పు కొటార్లు. పట్టా భూములూ, పేదలకిచ్చిన అసైన్డ్ భూములూ కలిపి వేల ఎకరాలు ప్రాజెక్టు కిందికి పోయాయి. ఊరి పేరులోనే రేవు ఉంది, ఒప్పందంలో రాసిన రేవు మాత్రం రాలేదు. ఫ్యాక్టరీలూ రాలేదు. 2012లో సీబీఐ కేసులో ప్రాజెక్టు పెట్టిన పారిశ్రామికవేత్తా, ఒప్పందం నాటి శాఖ మంత్రీ అరెస్టయ్యారు. ఆ వార్త విని చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. పోయిన భూమికి దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకో సంగతి. వాన్‌పిక్ గొడవ నడుస్తుండగానే 2009లో ఆ ప్రభుత్వం 156 సీట్లతో మళ్లీ గెలిచింది. మన వ్యతిరేకత పోలింగు బూతు దాకా రాలేదు. తప్పు మనదే. 2004లో మనం ఒక మనిషిని వద్దన్నాం. భూమి విషయంలో కొత్తాయన దగ్గర ఏ మాటా తీసుకోలేదు.

మన చీరాల పెద్దలు ఇలా చెయ్యలేదు. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, కౌన్సిలర్లు రాజీనామాలు చేశారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్లు ఖాళీ చేసి రామనగర్ పాకల్లో దాదాపు 11 నెలలు ఉన్నారు. ఛైర్మన్ ఎవరన్నది కాదు వాళ్ల గొడవ, మునిసిపాలిటీయే వద్దన్నారు. చివరికి మునిసిపాలిటీ నిలబడింది, నిజమే. కానీ దేనితో కొట్లాడుతున్నారో ఇంటింటికీ తెలుసు.

ఇప్పుడు మన చేతిలో 2013 భూసేకరణ చట్టం ఉంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే భూమి కోల్పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ఒప్పుకోవాలి. కౌలుదారుకూ కూలీకీ అందులో చోటుంది. 2018లో మన రాష్ట్రం సవరణ తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ మదింపు లేకుండానే భూమి తీసుకునే వీలు కల్పించుకుంది. ఆ తర్వాత పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు.

ఈసారి ఓటడగడానికి వచ్చేవాళ్లు ఏ జెండా పట్టుకొచ్చినా రోడ్ల లెక్క చెప్పనిద్దాం, వినేద్దాం. తర్వాత రెండు కాగితాలు చేతిలో పెడదాం. 2018 సవరణ ఎత్తేయిస్తారా, మొదటిది. వాన్‌పిక్‌కు పోయిన అసైన్డ్ భూములు సాగుదారులకు తిరిగి ఇప్పిస్తారా, రెండోది. నోటిమాట వద్దు, గ్రామసభలో సంతకం పెట్టమందాం. సంతకం పెట్టనివాళ్ల పేర్లు రచ్చబండ దగ్గర రాసి ఉంచుదాం, పోలింగు రోజు దాకా.