డిగ్రీ నాణ్యత: పట్టా విశ్వవిద్యాలయానిది, బోధన కళాశాలది

విజయవాడ: డిగ్రీ పట్టాపై ముద్ర విశ్వవిద్యాలయానిదే అయినా చదువు సాగేది కళాశాల తరగతి గదిలో. నాణ్యత లోపిస్తే జవాబుదారీ ఎవరన్న ప్రశ్నకు మూలం ఇదే.

1956 నాటి యు.జి.సి. చట్టం కళాశాలలకు సొంతంగా పట్టా ఇచ్చే అధికారం కల్పించలేదు. కృష్ణా జిల్లా కళాశాలలు పూర్వం ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పాటైంది.

అనుబంధ కళాశాలల విషయంలో బాధ్యత మూడు చోట్ల ఉంది. పాఠ్యప్రణాళిక చట్రాన్ని రాష్ట్ర ఉన్నత విద్యా మండలి రూపొందిస్తుంది. పరీక్షలు, పట్టా విశ్వవిద్యాలయానివి. బోధన కళాశాలది. పాఠం చెప్పేవారు ఒకరు, ప్రశ్నపత్రం కూర్చేవారు మరొకరు కావడంతో ఫలితాలు తగ్గినపుడు లోపం ఎక్కడుందో తేల్చడం కష్టమవుతోంది.

విజయవాడలోని ఆంధ్ర లయోలా, పి.బి. సిద్ధార్థ వంటి స్వయంప్రతిపత్తి కళాశాలల్లో పాఠ్యాంశాలు, పరీక్షలు కళాశాల చేతిలోనే ఉంటాయి. వాటిని పరిశీలించే బోర్డు ఆఫ్ స్టడీస్‌లో శాఖాధిపతితో పాటు వైస్ ఛాన్సలర్ నామినీ, బయటి నిపుణులు, పరిశ్రమల ప్రతినిధి, పూర్వ విద్యార్థి సభ్యులుగా ఉంటారు. స్వేచ్ఛతో పాటు జవాబుదారీ కూడా ఒకేచోట చేరడం ఈ విధానంలోని విశేషం.

1994లో ఏర్పాటైన న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి లభించేది. బలహీనమైన ఒక కోర్సు ఆ గుర్తింపు చాటున కనిపించకపోవచ్చు. కావున కళాశాల అంతర్గత నాణ్యతా విభాగం ప్రతి కోర్సునూ విడిగా సమీక్షించి, అధ్యాపకుల, విద్యార్థుల అభిప్రాయాలను పాఠ్యాంశాలు నిర్ణయించేవారి దృష్టికి చేర్చవలసి ఉంది. అనుబంధ కళాశాలలకు ఈ అవసరం మరింత అధికం. ఉద్యోగానికైనా, పై చదువుకైనా విద్యార్థి వెంట వెళ్లేది ఆ ఒక్క పట్టాయే.