ఫ్లాస్కులో ఇన్సులిన్

మెట్ట మాట – మెట్టవాసి

మా మామయ్య చేతిలో ఫ్లాస్కు చూసి జగ్గయ్యపేట బస్టాండులో అందరూ టీ అనుకుంటారు. ఒకాయన నోరు తెరిచి అడిగాడు కూడా, "బాబాయ్, నాకూ కాసిని పొయ్యరాదూ" అని. మూత తీస్తే ఐసుముక్కలు! తెల్లవారుజామున ఐదింటికి బస్సెక్కబోతూ ఇంట్లో ఫ్రిజ్‌లోంచి పగలగొట్టి వేసుకున్నవి. తిరిగొచ్చేటప్పుడు వాటి మధ్యకు ఇన్సులిన్ సీసాలు చేరతాయి. చిల్లకల్లు టోల్‌గేటు, నందిగామ, కీసర, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, అప్పుడు విజయవాడ. పోను ఎనభై కిలోమీటర్లు, రాను ఎనభై. మధ్యాహ్నం ఎండలో ఇల్లు చేరేసరికి ఐసు నీళ్లయిపోతుంది. నెలనెలా ఇదే వరస.

ఆయన ఇరవై నాలుగేళ్లు ఆర్టిలరీలో చేసి 2004లో హవల్దారుగా రిటైరయ్యాడు. వీధిలో అందరికీ 'మిలటరీ ఆయన'. జేబులో ఉండే కార్డు పేరు ఈసీహెచ్‌ఎస్. మాజీ సైనికులకు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకు రక్షణ శాఖ 2003 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన వైద్య పథకం అది. ఉచితంగా ఇచ్చిందేమీ కాదు. ఉద్యోగం వదిలేటప్పుడు ఒకేసారి చందా కట్టించుకుంటారు. ఇప్పటి లెక్కలో హవల్దారు దాకా 30,000 రూపాయలు, ఆఫీసర్లకు 1,20,000. 1996కు ముందు రిటైరైన వాళ్లకు మాత్రం చందా లేదు. దేశం మొత్తం మీద నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లున్నాయి, మామయ్య వెళ్లేది విజయవాడలో ఉన్నదానికి. అక్కడ డాక్టరు చూసి మందులిస్తాడు, జబ్బు పెద్దదైతే ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రికి రిఫరల్ రాస్తాడు. రోగి జేబులోంచి పైసా తియ్యనక్కర్లేదు. కాగితం మీద చూస్తే ఈ దేశంలో ఇంత మంచి వసతి ఉన్నవాళ్లు కొద్దిమందే. అది ముందే ఒప్పుకుంటున్నాను.

కాగితానికీ కౌంటరుకీ మధ్య దూరం ఎంతో మొన్న చలికాలంలో తెలిసింది. గుండెల్లో బరువుగా ఉందంటే రిఫరల్ రాయించుకుని ఆయన్ను ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. దాని పేరు అనవసరం. మా ముందు వరసలో వత్సవాయి వైపు నుంచి వచ్చిన మొగుడూపెళ్లాలు ఉన్నారు. కౌలుకు పత్తి వేసుకుంటారట. అతని చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు. ఆరోగ్యశ్రీ కేసు. "ఈ స్కీము మీద ఇప్పుడు కొత్త కేసులు తీసుకోవట్లేదండీ. క్యాష్ కడితే చేర్చుకుంటాం" అంది కౌంటర్లో అమ్మాయి. వాళ్లు పక్కకు జరిగారు. మామయ్య ముందుకొచ్చి, కాళ్లు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడి కార్డు బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి కార్డు చూసి, కంప్యూటర్ చూసి, అదే గొంతుతో అదే మాట చెప్పింది. ఆమెదేం తప్పు? పైవాళ్లు చెప్పమన్నది చెప్పింది.

స్తంభం పక్కన నిలబడ్డ కౌలురైతు మామయ్యను అడిగాడు: "మీరు మిలటరీ గదా సార్, మీక్కూడానా?"

మామయ్య ఏమీ అనలేదు. కార్డు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను నా బ్యాంకు కార్డు గీకాను. ఆ పూట అక్కడ చెల్లిన కార్డు అదొక్కటే. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అయ్యాక గుండెకు ఢోకా లేదని తేలింది. ఆ దంపతులు గవర్నమెంటు పెద్దాసుపత్రికి పోతామని ఆటో ఎక్కారు.

ఈ సంగతి నందిగామలో నలుగురితో చెబితే వచ్చిన జవాబు ఒకటే. "సర్కారు చేతిలో పెడితే ఏదైనా ఇంతేనండీ." చదువుకున్నవాళ్లు, పెన్షన్లు తీసుకునేవాళ్లు కూడా ఇదే పాట. నేను తిరిగి అడిగేది ఒకటుంది. అక్కడ సర్కారు నడిపినది ఏది? ఆ భవనం సర్కారుదా, డాక్టరు సర్కారు మనిషా, మమ్మల్ని వెనక్కి పంపమన్నది సర్కారా? అక్కడ సర్కారు చెయ్యాల్సినది ఒక్కటే, బిల్లు కట్టడం. అది సకాలంలో కట్టలేదు. ఆసుపత్రిని నడపడం ఒక పని, ఇంకొకడు నడిపే ఆసుపత్రికి డబ్బు కట్టడం మరో పని. మన రాష్ట్రంలో ఇరవై ఏళ్లుగా ఈ రెండో పనినే వైద్యం అంటున్నాం.

ఆరోగ్యశ్రీ కథే చూడండి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మొదట బీమా కంపెనీ ద్వారా నడిచింది. తర్వాత కంపెనీని పక్కన పెట్టి ట్రస్టే నేరుగా బిల్లులు కట్టడం మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మళ్లీ బీమా వైపు తిరిగింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, అది దాటితే 25 లక్షల దాకా ట్రస్టు అని నిర్ణయించింది. గానుగెద్దు మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఈలోగా పేరు మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది. రాజీవ్, ఎన్టీఆర్, వైఎస్సార్, మళ్లీ ఎన్టీఆర్. బోర్డులు రాసేవాళ్లకు పని దొరికింది. జనం మటుకు 'ఆరోగ్యశ్రీ' అనే అంటున్నారు. 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు బకాయిలు 2,700 కోట్లున్నాయని వాటి సంఘం చెప్పింది. అంతకు ముందు ప్రభుత్వంలోనూ ఇదే గొడవ, ఇవే నోటీసులు. ఈ తగాదాకు పార్టీ లేదు.

ఈసీహెచ్‌ఎస్ ఆసుపత్రుల ఫిర్యాదూ అదే, బిల్లులు నెలల తరబడి రావడం లేదని. కేంద్రం డబ్బు పెట్టడం లేదని కాదు. 2024-25 బడ్జెట్‌లో ఈ పథకానికి 6,968 కోట్లు ఇచ్చారు, మరుసటి ఏడు 8,317 కోట్లు. ముసలితనం పెరుగుతోంది, ఆపరేషన్ల ఖరీదు పెరుగుతోంది, ప్రైవేటు బిల్లు ఆ రెంటికంటే వేగంగా పరిగెత్తుతోంది. ఎంత పోసినా ఆ కుండ నిండదు, ఎందుకంటే పోసేదంతా చివరి దశలో పోస్తున్నాం. స్టెంటు దాకా వచ్చాక లక్షలు కడతాం. స్టెంటు దాకా రాకుండా ఆపే బీపీ మాత్రకు మనిషిని ఎనభై కిలోమీటర్లు తిప్పుతాం. ఆరోగ్యశ్రీ పుట్టిందే ఆపరేషన్ల పథకంగా. బీపీకి, షుగరుకి నెలనెలా మింగే మాత్ర దాని లెక్కలోకి రాలేదు.

సర్కారు నిజంగా తన చేత్తో నడిపితే ఎలా ఉంటుందో మామయ్యకు తెలుసు. పటాలంలో ఉండగా పొద్దున్నే ఒంట్లో బాగా లేదంటే 'సిక్ రిపోర్ట్' చెయ్యడం, ఎమ్మై రూముకు పోవడం. అక్కడ యూనిఫాంలో డాక్టరు ఉంటాడు. అవసరమైతే మిలటరీ ఆసుపత్రి. ఆయనకు కడుపులో అపెండిక్స్ తీసింది అక్కడే. "అప్రూవల్ అనే మాట నేను రిటైరయ్యాకే విన్నానురా అల్లుడూ" అంటాడు. అదీ గవర్నమెంటే కదా, మరి అక్కడెలా నడిచింది అని నేను చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన జవాబు మొరటుగా ఉంటుంది. ఉద్యోగంలో ఉన్న జవాను మంచాన పడితే తుపాకీ దగ్గర ఒక మనిషి తగ్గుతాడు, కమాండరు పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. రిటైరైన హవల్దారు మంచాన పడితే మా అత్తయ్య ఒక్కతే జవాబు చెప్పుకుంటుంది, అదీ దేవుడికి.

సర్కారు ఆసుపత్రులన్నీ బంగారమని నేననను. మన వైపు పన్నెండు దాటాక ఓపీ గదుల్లో కుర్చీలే కనబడే రోజులు నేనూ చూశాను. స్కానింగ్ మిషన్ ఉండి, దాన్ని నడిపేవాడు లేకపోవడమూ చూశాను. అయితే మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 నుంచి ఓపీ చూస్తున్నారు. పది రూపాయల చీటీ కోసం పొద్దున్నే బారులు తీరే జనంలో కార్లు దిగేవాళ్లూ ఉంటారు. నలుగురు డాక్టర్లు గదిలో ఉన్నారని తెలిస్తే అది సర్కారుదని ముక్కు మూసుకునేవాడెవడూ లేడు.

మాజీ సైనికుల వైద్యం గురించి అమెరికాలో పెద్ద రభసే నడిచింది. అక్కడ వాళ్ల కోసం సర్కారే ఆసుపత్రులు కట్టి, డాక్టర్లకు జీతాలిచ్చి నడుపుతుంది. వీఏ అంటారు. మన తెలుగు డాక్టర్లూ వాటిలో పనిచేస్తున్నారు. 2014లో ఫీనిక్స్ ఆసుపత్రిలో రోగుల నిరీక్షణ జాబితాలను దాచిపెట్టి, ఆలస్యం లేనట్టు లెక్కలు చూపారని బయటపడింది. ఆ శాఖ మంత్రి షిన్సెకి, తానూ మాజీ జనరలే, రాజీనామా చేశాడు. చూశారా సర్కారు వైద్యం, అమ్మేసెయ్యండి అన్నవాళ్లున్నారు. వీఏలో వైద్యం ప్రైవేటుకేమీ తీసిపోదని, అసలు జబ్బు క్యూ అని చెప్పిన పరిశోధకులూ ఉన్నారు. చివరికి 2018లో ఒక చట్టం చేశారు. దాని కింద రాసుకున్న నిబంధన నన్ను ఆపేసింది. మామూలు వైద్యానికి కారులో ముప్పై నిమిషాలు, స్పెషలిస్టుకు అరవై నిమిషాలు. అంతకంటే దూరమైతే, లేదా మామూలు వైద్యానికి 20 రోజుల్లో, స్పెషలిస్టుకు 28 రోజుల్లో అపాయింట్‌మెంట్ దొరక్కపోతే, మాజీ సైనికుడు దగ్గర్లో ఉన్న ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోవచ్చు, బిల్లు సర్కారుది. ప్రైవేటుకు తలుపు తెరిచిన ఆ చట్టం మీద అక్కడ ఇంకా వాదులాడుకుంటున్నారు. నాకు కావలసినది వాదం కాదు, ఆ ముప్పై నిమిషాలు. ఎంత దూరం ఎక్కువో వాళ్లు అంకె వేసి రాసుకున్నారు. మన మెట్టకు అలాంటి అంకె ఎవరూ రాయలేదు.

రాయకపోతే ఏమవుతుందో మున్నేరు చెప్పింది. 2023 జూలైలో ఐతవరం దగ్గర వరద హైవే మీదికెక్కి విజయవాడ వైపు రాకపోకలు ఆగిపోయాయి. మామయ్య పోవాల్సిన వారమది. జగ్గయ్యపేట మందుల షాపులో సొంత డబ్బుతో ఇన్సులిన్ కొనుక్కున్నాడు. బిల్లు పెట్టుకోవచ్చు కదా అంటే, "బిల్లు పెట్టడానికి మళ్లీ బస్సెక్కాలిగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఇది ముసలివాళ్ల గొడవ అనుకునే కుర్రాళ్లకు ఒక మాట. ఆర్మీ ర్యాలీల కోసం మన ఊళ్ల చెరువుకట్టల మీద తెల్లవారకుండానే పరిగెత్తే పిల్లలున్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరినవాడికి ఉద్యోగం నాలుగేళ్లే. నలుగురిలో ఒకరిని మించి ఉంచుకోరు. మిగతా ముగ్గురికీ పెన్షన్ లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డూ లేదు. 2023 జనవరిలో శిక్షణకు వెళ్లిన ఆర్మీ మొదటి జట్టుకు నాలుగేళ్లు నిండేది 2027 ఆరంభంలో. మా మామయ్యకు కార్డు చెల్లకపోవడం మీద నాకు కోపం. ఆ పిల్లలకు చెల్లకపోవడానికి కార్డే ఉండదు. అప్పుడు వాళ్లూ కౌలురైతు పక్కన అదే వరసలో నిలబడతారు.

నేనడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. జగ్గయ్యపేటలో పాలీక్లినిక్ పెట్టమంటే అంతమంది మాజీ సైనికులు లేరంటారు, అది నిజమే కావచ్చు. కానీ నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ సర్కారు ఆసుపత్రులున్నాయి. గదులున్నాయి, ఫ్రిజ్‌లున్నాయి, రక్తపరీక్ష చేసే మనిషి ఉన్నాడు. పాలీక్లినిక్ డాక్టరు, మందుల పెట్టెతో ఒక జీపు, నెలకు రెండు రోజులు, ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు. అరవై దాటిన వాళ్లందరూ బస్సులెక్కే బదులు ఒక్క డాక్టరు జీపెక్కితే చాలు. రిఫరల్ కూడా అక్కడే రాస్తే ఇంకా మంచిది. పాలీక్లినిక్‌లు కేంద్రానివి, ఆసుపత్రులు రాష్ట్రానివి, ఎలా కలుస్తాయంటారు. పోలియో చుక్కలకు కలిసిన సర్కార్లు షుగరు మాత్రకు కలవలేవా? ఇక ప్రైవేటు ఆసుపత్రుల బకాయిల మాటకొస్తే, ఇన్ని రోజుల్లో కడతామని రాసివ్వండి. కట్టలేకపోతే ఆ స్కీము ఆ ఆసుపత్రిలో నడవడం లేదని రోగి బస్సెక్కకముందే ఫోనుకు ఒక మెసేజి పంపండి. కౌంటరు దగ్గర వినే మాట అది కాకూడదు.

2022లో కొత్త జిల్లాతో పాటు నందిగామకు ఆర్డీఓ ఆఫీసు వచ్చింది. సోమవారం అర్జీలు తీసుకుంటారు. మామయ్య అర్జీ రాశాడు. పటాలం అలవాటు, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాశాకే విషయానికొచ్చాడు. కింద ఇంకా పదకొండు సంతకాలున్నాయి. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు, కంచికచర్ల మండలాల్లో ఉన్న మిలటరీ ఆయనలు, వాళ్ల వితంతువులు వచ్చే సోమవారం పదింటికల్లా కార్డు జిరాక్సు పట్టుకుని రండి. మేం గేటు దగ్గరే ఉంటాం. ఫ్లాస్కు పట్టుకున్నాయన మా మామయ్య. ఆ రోజు అందులో టీయే ఉంటుంది.