రామన్ ఎఫెక్ట్ మార్కుల కోసమేనా?

బీఎస్సీ ఫిజిక్స్‌తో ఉద్యోగం రాదు, కోడింగ్ నేర్చుకుని బయటపడదాం అనుకునేవారు మీలో చాలామందే ఉంటారు. కోడింగ్ నేర్చుకోండి, తప్పేం లేదు. చదివిన ఫిజిక్స్‌ను మాత్రం పారేయకండి. ఆ రెండూ కలిస్తేనే జరిగే పని ఒకటి మన పొలం గట్ల మీదే ఉంది.

2000-2019 మధ్య మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. వారిలో అత్యధికులు పల్లె జనమే. కట్లపాము విషం నరాలను దెబ్బతీస్తే, రక్తపింజర విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. కరిచిందేదో చాలాసార్లు తెలియదు. డాక్టర్లు లక్షణాలు చూసి, నాలుగు ప్రధాన పాములకు కలిపి తయారుచేసిన విరుగుడే ఇస్తారు. విషాన్ని వెంటనే గుర్తించే పరీక్ష ఉంటే వైద్యానికి ఎంతో సాయం.

ఇక్కడే కాంతి పనికొస్తుంది. అణువుల మీద పడి చెదిరిన కాంతిలో కొద్ది భాగం తరంగదైర్ఘ్యం మారుతుందని 1928లో సి.వి.రామన్ చూపించారు. ఆ మార్పు అణువులోని బంధాల కంపనాన్ని బట్టి ఉంటుంది. నాగుపాము విషంలో సల్ఫర్ బంధాలతో బిగిసిన చిన్న ప్రోటీన్లు ఎక్కువ. పింజరల విషంలో పెద్ద ఎంజైముల వాటా ఎక్కువ. కాబట్టి స్పెక్ట్రంలో శిఖరాలు తేడాగా వస్తాయి. కంటికి అందని తేడాలను మెషీన్ లెర్నింగ్ పట్టుకుంటుంది.

అయితే ల్యాబులోని శుద్ధమైన విషం వేరు, రోగి రక్తంలో కలిసిన విషం వేరు. రక్తంలో విషం అతి స్వల్పం, రక్తం సొంత ప్రోటీన్లు విపరీతం. పైగా ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఈ చిక్కులు విప్పడానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయోటెక్, కంప్యూటర్స్ వాళ్లంతా కావాలి.

మరి మీరేం చేయాలి? డిగ్రీలో ఉండగానే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు అప్లై చేయండి. ఎమ్మెస్సీకి జామ్, పీహెచ్‌డీకి నెట్, గేట్ రాయండి. బెంగళూరు ఐఐఎస్సీలో విషాలపైనే పనిచేసే ల్యాబు ఉంది. పరిశోధన వద్దనుకున్నా నష్టం లేదు. ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో స్పెక్ట్రోమీటర్ నిత్యం వాడే పరికరమే.

రామన్ ఎఫెక్ట్ నిర్వచనం ఇంటర్వ్యూలో అందరూ అప్పజెబుతారు. ఒక స్పెక్ట్రం చేతికిస్తే అందులో ఏముందో చెప్పగలిగేలా మీరు తయారవ్వండి.