రూపాయి – కులం (7): కాయిన్ చూపించి ఓటడిగే మేయర్లు



పోయిన భాగంలో మైక్రోఫైనాన్స్ గురించి రాశాక చాలామంది తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇంచుమించు ఒకే ప్రశ్న పంపారు. "అన్నా, బ్యాంకు మేనేజర్ మన ఇంటిపేరు చూస్తాడు, పేట చూస్తాడు, షూరిటీ అడుగుతాడు. బ్లాక్‌చెయిన్ కులం అడగదు కదా. మనలాంటోళ్లకి క్రిప్టో మంచిదే కదా?"

ఇది నవ్వి తీసెయ్యాల్సిన ప్రశ్న కాదు. బ్యాంకు గుమ్మం దగ్గర పడ్డ అవమానంలోంచి పుట్టిన ప్రశ్న. అందుకే దీనికి జవాబు వెతకడానికి మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తాను. సరిగ్గా ఈ మాటే చెప్పి ఓట్లడిగిన నాయకులున్నారు. మనకంటే ముందు ఈ మాట విన్న ప్రజలున్నారు. నాయకులు అమెరికా నగరాల మేయర్లు. విన్నవాళ్లు అక్కడి నల్లజాతి పేదలు.

2021లో ఎరిక్ ఆడమ్స్ న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేశాడు. నల్లజాతి మనిషి, మాజీ పోలీసు అధికారి. జూన్‌లో పార్టీ ప్రైమరీ రాత్రే న్యూయార్క్‌ని బిట్‌కాయిన్ కేంద్రం చేస్తానన్నాడు. నవంబర్ 2న గెలిచాడు. అదే రోజు మయామిలో మళ్లీ గెలిచిన మేయర్ ఫ్రాన్సిస్ స్వారెజ్, తన తర్వాతి జీతం మొత్తం బిట్‌కాయిన్‌లోనే తీసుకుంటానని ప్రకటించాడు. రెండు రోజులు తిరక్కుండానే ఆడమ్స్ పందెం పెంచాడు: నువ్వు ఒక జీతమైతే, నేను మూడు! ఇద్దరు మేయర్ల మధ్య పోటీ నడిచింది నీళ్ల మీద కాదు, బడుల మీద కాదు, ఎవరి జీతం ఏ కాయిన్‌లో పడుతుందన్న దాని మీద.

నగరం చట్టప్రకారం జీతం డాలర్లలోనే ఇవ్వాలి. కాబట్టి 2022 జనవరిలో ఆడమ్స్ జీతం డాలర్లలోనే వచ్చింది. దాన్ని ఒక ఎక్స్చేంజ్‌లో కాయిన్లుగా మార్చుకున్నారు. అంటే ఫోనున్న ఎవరైనా చేసుకోగల పనిని ఒక పాలనా విధానం లాగా ఊరేగించారు.

ఇప్పుడు లెక్క చూడండి. 2021 నవంబర్‌లో బిట్‌కాయిన్ ధర దాదాపు 69 వేల డాలర్ల దాకా పోయింది. ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరికి పడింది. నాలుగింట మూడొంతులకు పైగా ఆవిరి. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటిన జీతమున్న మేయర్‌కి మూడు జీతాలు ఒక సరదా. ఆయన మాట మీద నమ్మకంతో ఆ నవంబర్‌లో కొన్న డెలివరీ కుర్రాడికో?

"అన్నా, తర్వాత లక్ష దాటింది కదా" అని వెంటనే అంటారు. అవును, 2024 డిసెంబర్‌లో దాటింది. కానీ మూడేళ్లు ఆగగలిగింది ఎవరు? ఇంటి అద్దెకి, తల్లి మందులకి, చెల్లి ఫీజుకి ఆ డబ్బు తియ్యాల్సిన అవసరం లేనివాడు ఆగాడు. అవసరం ఉన్నవాడు అడుగున అమ్ముకుని పోయాడు. బ్లాక్‌చెయిన్ కులం అడగదన్నది నిజమే. అది అడిగేది వేరే: నష్టాన్ని ఎన్నాళ్లు భరించగలవు? ఆ ప్రశ్నకి మీ తాత భూమి జవాబు చెప్తుంది. మా తాతలకి భూమి లేదు. కులం ముందు గుమ్మంలో ఆగిపోయి దొడ్డిదారిన లోపలికొచ్చిందంతే.

మయామి కథ ఇంకా ఘోరం. 2021 ఆగస్టులో అక్కడ నగరం పేరుతోనే మయామికాయిన్ అని ఒకటి పుట్టించారు. దీంతో ఏదో ఒకరోజు పన్నులే లేకుండా నగరాన్ని నడపొచ్చని మేయర్ ఆశపెట్టాడు. నవంబర్‌లో, దాని రాబడి నుంచి పౌరులకి బిట్‌కాయిన్ పంచుతానన్నాడు. ఆ పంపకం జరగలేదు. మయామికాయిన్ విలువ 95 శాతానికి పైగా పడిపోయింది. నగర ఖజానాకి మొదట్లోనే 50 లక్షల డాలర్లు దాటి ముట్టాయి. అంటే నగరం బాగానే ఉంది, నగరాన్ని ప్రేమించి కాయిన్ కొన్నవాళ్లు మునిగారు.

అదే సంవత్సరం అక్కడి కౌంటీ ప్రభుత్వం తన బాస్కెట్‌బాల్ స్టేడియానికి ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీ పేరు పెట్టడానికి 19 ఏళ్లకు 135 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో కౌంటీకి రావాల్సిన వాటాని ఎక్కడ ఖర్చు పెడతామన్నారో తెలుసా? తుపాకీ హింసతో నలిగిపోతున్న పేద పేటల్లో యువతకి పని, రక్షణ కల్పించే పథకం మీద. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. 2023 జనవరిలో ఒప్పందం రద్దయింది. పేటల పిల్లల ప్రాణాలకి సంబంధించిన పథకాన్ని ఒక జూదం కంపెనీ వాయిదాలకి ముడిపెట్టినవాళ్లని ఏమనాలి? బడ్జెట్‌లో రాయాల్సిన హక్కుని బోర్డు మీద పేరుకి అమ్మేశారు.

మరి నల్లజాతి ప్రజలు ఈ మాటలు ఎందుకు విన్నారు? అమాయకులనా? కాదు. వాళ్ల చరిత్ర అలా ఉంది. 1930లలో అమెరికా ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపుల మీద నల్లవాళ్ల పేటల చుట్టూ ఎర్ర రంగు పూసింది. అక్కడ అప్పు ఇస్తే ప్రమాదమని అర్థం. ఊరికి దక్షిణాన మన పేటల్ని పెట్టినట్టే. 2023 నాటి అక్కడి అధికారిక సర్వే ప్రకారం కూడా బ్యాంకు ఖాతా లేని కుటుంబాలు నల్లవాళ్లలో 10 శాతం పైనే, తెల్లవాళ్లలో 2 శాతం లోపే. ఈ గాయాన్ని చూసే ప్రకటనలు తయారయ్యాయి. 2021లో ప్రసిద్ధ నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ, పాత డబ్బు మనల్ని తొక్కింది, కొత్త డబ్బు లేపుతుందన్న అర్థంలో కాయిన్ క్లౌడ్ అనే క్రిప్టో ఏటీఎం కంపెనీకి ప్రకటన చేశాడు. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కూడా దివాలా.

ఇది మొదటిసారి కూడా కాదు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పొదుపు కోసమని 1865లో ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు పెట్టారు. పైసా పైసా దాచారు. పైనున్న పెద్దమనుషులు ఆ సొమ్ముతో ఇష్టారాజ్యంగా అప్పులిచ్చారు, సట్టా ఆడారు. చివరి నెలల్లో ఫ్రెడరిక్ డగ్లస్‌ని అధ్యక్షుడిగా తెచ్చి కూచోబెట్టారు. ఆయన తన సొంత డబ్బు 10 వేల డాలర్లు పెట్టినా నిలవలేదు. 1874లో బ్యాంకు మూతపడింది. 61 వేల మంది ఖాతాదార్ల సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, ఇరుక్కుపోయింది. మునిగే పడవకి చివర్లో మనవాణ్ణి కెప్టెన్ చెయ్యడం కూడా పాత విద్యే.

నాయకులకి ఇందులో ఏం ముడుతుంది? విరాళాలు, ప్రకటనలు, కుర్రాళ్ల ఓట్లు. ఒప్పుకోకపోతే ఏం జరుగుతుందో కూడా వాళ్లకి తెలుసు. 2024లో క్రిప్టో కంపెనీల డబ్బుతో నడిచే ఫెయిర్‌షేక్ అనే సంస్థ న్యూయార్క్‌లో జమాల్ బోమన్‌కీ, మిస్సోరీలో కోరీ బుష్‌కీ వ్యతిరేకంగా లక్షల డాలర్లు కుమ్మరించింది. ఇద్దరూ నల్లజాతి సభ్యులు. ఇద్దరూ ఓడారు. వాళ్ల మీద అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టింది ఇజ్రాయెల్ లాబీ, అది వేరే కథ. కానీ పేద పేటల నుంచి గెలిచిన గొంతు మీద క్రిప్టో డబ్బు ఎటువైపు నిలబడిందో గుర్తుపెట్టుకోండి. అణగారినోళ్ల విముక్తి అని చెప్పుకునే డబ్బు అది!

2025లో ఆడమ్స్ మళ్లీ ఎన్నికలకి దిగాడు. మే నెలలో మేయర్ అధికార నివాసంలోనే క్రిప్టో సదస్సు పెట్టాడు. బిట్‌కాయిన్‌తో ముడిపడ్డ నగర బాండ్లు తెస్తానన్నాడు. నగర ఆడిటింగ్ చూసే కంట్రోలర్ అడ్డుచెప్పాడు. సెప్టెంబర్‌లో ఆడమ్స్ పోటీ నుంచే తప్పుకున్నాడు. అయినా అక్టోబర్‌లో డిజిటల్ ఆస్తుల కోసం నగరంలో ప్రత్యేక కార్యాలయం పెడుతూ ఉత్తర్వు ఇచ్చి మరీ వెళ్లాడు. నవంబర్ 4న గెలిచిన జోహ్రాన్ మమ్దానీ ప్రచారమంతా నడిచింది ఇంటి అద్దె పెంచకుండా ఆపడం మీద, ఉచిత బస్సు మీద, పిల్లల సంరక్షణ మీద. ఆయన ఎంత నిలబెట్టుకుంటాడో చూద్దాం, భజన అక్కర్లేదు. కానీ ఆ నగరం జనం దేని గురించి మాట్లాడితే విన్నారో మాత్రం తేలిపోయింది.

ఆ నగరంలోనే, 1913లో, కొలంబియా విశ్వవిద్యాలయానికి ఒక మహర్ కుర్రాడు చదువుకోడానికి వెళ్లాడు. పదేళ్ల తర్వాత, 1923లో, రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేశాడు. ఇప్పుడు కొందరు క్రిప్టో ప్రచారకులు ఆ పుస్తకాన్నే పట్టుకొస్తున్నారు. అంబేద్కర్ కరెన్సీ జారీకి హద్దు ఉండాలన్నారు, బిట్‌కాయిన్‌కి 2 కోట్ల 10 లక్షల హద్దు ఉంది, కాబట్టి అంబేద్కర్ మావాడే అని. అబద్ధాల్లో సగం నిజమే ప్రమాదం. బాబాసాహెబ్ హద్దు అడిగింది వలస ప్రభుత్వం ఇష్టారాజ్యాన్ని ఆపడానికి. ఆయన గురి రూపాయి కొనుగోలు శక్తి నిలకడగా ఉండటం మీద. ఎందుకంటే ధర పెరిగినంత వేగంగా కూలి పెరగదు, దెబ్బ కష్టజీవికే తగులుతుంది. ఏడాదిలో ముప్పాతిక విలువ పోగొట్టుకునేదాన్ని ఆయన డబ్బు అంటారా?

ఇంకొకటి చదవండి. 1947లో రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు'లో బీమా మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండాలని, ప్రతి వయోజనుడికీ జీతానికి తగ్గ జీవిత బీమా తప్పనిసరి చెయ్యాలని ఆయన రాశారు. ఇదీ తేడా. కష్టం వస్తే అందరం కలిసి మొయ్యాలంటారు బాబాసాహెబ్. నీ నష్టం నువ్వే మోసుకో అంటుంది కాయిన్. ఈ రెండూ ఒకే దారిలో నడవవు.

పైగా ఓటుకి ఒక గుణం ఉంది. కోటీశ్వరుడికీ ఒకటే, పాకీ పని చేసే తల్లికీ ఒకటే. చాలా క్రిప్టో ప్రాజెక్టుల్లో ఎన్ని టోకెన్లుంటే అన్ని ఓట్లు. అది జమీందారీ లెక్క. ఆ లెక్కని ప్రజాస్వామ్య భవిష్యత్తు అని చెప్పి, మన ఒక్క ఓటు అడగడానికి వస్తారు!

ఇదంతా అమెరికా గోల అనుకోకండి. మనకి అగ్రిగోల్డ్ తెలుసు. పక్కింటి ఏజెంటే వచ్చి కట్టించుకున్నాడు. కంపెనీ కూలాక 2019 ఎన్నికల ప్రచారంలో బాధితుల ఓట్ల కోసం పార్టీలు పోటీపడ్డాయి. చివరికి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల లోపు, తర్వాత ఇరవైవేల లోపు డిపాజిటర్లకి ఇచ్చింది ప్రభుత్వ ఖజానా నుంచే. లాభం తిన్నది ఒకరు, కట్టింది అందరం. పేరు మారి కాయినైతే ఈ కథ మారదు.

అందుకే, తమ్ముడూ, బ్యాంకు అవమానిస్తే బ్యాంకు మీదే కొట్లాడాలి. అది మన డబ్బుతో నడిచే బ్యాంకు. రేపు మీ ఊరికో, మీ వార్డుకో ఎవరైనా డిజిటల్ కాయిన్, స్మార్ట్ సంపద అంటూ వస్తే మూడే అడగండి. స్టాండప్ ఇండియా 2016లో వచ్చింది. 2025 మార్చిలో గడువు ముగిసేదాకా ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాల్సి ఉండేది. మన మండలంలో ఏ బ్రాంచీ ఇచ్చింది? సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. మన పేట పేరుతో వచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చయింది? మూడోది, నువ్వు చెప్పే ఆ కాయిన్ పడిపోతే నష్టం ఎవరు కడతారు, కాగితం మీద రాసిస్తావా?

మూడోదానికి జవాబు రాదు. మొదటి రెండింటికి వచ్చేదాకా వదలకండి.

వచ్చే భాగంలో: స్టాండప్ ఇండియా కింద ఇచ్చిన అప్పుల మీద ఆర్టీఐ ఎలా వెయ్యాలి.

జై భీమ్.