ఊదారంగు గీతలు

ఒరెగాన్ అనగానే మనవాళ్ళకి పోర్ట్‌లాండ్ వానలే గుర్తొస్తాయి. కాస్కేడ్ కొండలు దాటి తూర్పుకి వెళ్తే సగం ఎడారి. డెషూట్స్ నేషనల్ ఫారెస్ట్ అక్కడే. అందులో న్యూబెరీ అనే అగ్నిపర్వతం, దాని నెత్తి కుంగిపోయిన గుంటలో రెండు సరస్సులు, సుమారు 1,300 ఏళ్ళ క్రితం పారిన నల్లటి గాజురాయి.

అమెరికా సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ ఈ ప్రాంతపు పాత టోపో షీట్లన్నీ స్కాన్ చేసి ఊరికే ఇస్తోంది. 1:24,000 షీట్లలో నాకు నచ్చింది కొండల గీతలు కాదు, అంచున ఉండే చిన్న అక్షరాలు. విమానం నుంచి ఫోటోలు తీసింది ఏ ఏడు, మనిషి వెళ్ళి సరిచూసింది ఏ ఏడు అని విడివిడిగా రాసేవారు. తర్వాత ఫోటోలు మాత్రమే చూసి మార్చినవి ఊదారంగులో అచ్చేసేవారు, నేలమీద సరిచూడలేదని ఒప్పుకుంటూ. ఇంత నిజాయితీగల కామెంటు నేను ఏ కోడ్‌లోనూ చూడలేదు :)

ఆ నేలమీద ఇది చాదస్తం కాదు. 7,700 ఏళ్ళ నాటి మజామా విస్ఫోటనం అక్కడ చాలాచోట్ల ప్యూమిస్ పరిచి పోయింది. అదంతా బొరియల రాయి, కరిగిన మంచు ఇట్టే ఇంకిపోతుంది. పైన పారే వాగులు తక్కువ కాబట్టి ఒక్క నీటి ఊట గుర్తుకి ఎంతో విలువ. పైన్ చెట్ల కింది ఊట ఫోటోలో ఎక్కడ కనబడుతుంది? ఎవరో ఒకరు నడిచి వెళ్ళాల్సిందే.

2009 నుంచి వస్తున్న కొత్త యూఎస్ టోపో పటాలు డేటాబేసుల నుంచి తయారవుతాయి, ఫీల్డ్ చెక్ లేదు. త్వరగా వస్తాయి, ఖర్చు తక్కువ, కాదనను. మొదట్లో వాటిలో కాలిబాటలు కూడా సరిగా లేవు. పాత షీట్లు దాచారు కాబట్టి సరిపోయింది.

లైడార్ ఉందిగా అంటారా? చెట్ల కింది నేల ఆకారం అద్భుతంగా చూపిస్తుంది నిజమే. ఆగస్టులో ఆ ఊటలో నీళ్ళున్నాయో లేదో చెప్పదు.

మన టేబుల్సులో మాత్రం అప్‌డేట్ అయిన తేదీ ఒక్కటే ఉంటుంది. రాత్రి నడిచిన స్క్రిప్టు మార్చినా, మనిషి సరిచూసి మార్చినా అదే కాలమ్. మైగ్రేషన్ వస్తే హిస్టరీ మొత్తం ఎగిరిపోతుంది. సరిచూసిన తేదీకి వేరే కాలమ్ పెట్టమని నేను ప్రతి డిజైన్ రివ్యూలో పోరుతున్నా. మీ దగ్గర ఎలా చేస్తున్నారో చెప్పండి.