పుండు మానుటతో పని తీరదు

పుండు మానినంతనే రోగి బాగుపడెనని తలంచుట మనకు వాడుక. ఆ తలంపు అన్నివేళల సరికాదు. సామాన్యమైన మందులకు లొంగని స్టెఫిలోకాకస్ సూక్ష్మజీవులు పుండ్లలో, ముఖ్యముగా మధుమేహ రోగుల కాలిపుండ్లలో, చేరినపుడు వైద్యులు లినెజోలిడ్ అను మందు నిచ్చుచున్నారు. ఇది 2000 సంవత్సరమున అమెరికాలో అనుమతి పొందినది. దీనివలన కాళ్లును ప్రాణములును దక్కినవారు గలరు. ఆ మేలును మేము కాదనము.

అయినను దీనివలని కీడును గూడ ఎఱుగవలెను. రెండు వారములకు మించి వాడినచో రక్తమును గడ్డకట్టించు కణములు తగ్గవచ్చును. 28 దినములు దాటినచో దృష్టినాడి దెబ్బతినవచ్చును, కాలుసేతులు తిమ్మిరెక్కవచ్చును. మరియొక విషయము పలువురకు వింతగా దోచును. ఈ మందు శరీరమున సెరటోనిన్ అను పదార్థమును విచ్ఛిన్నము చేయు ఎంజైమును కొంతవఱకు అడ్డగించును. మనోవ్యాకులమునకు మాత్రలు మ్రింగువారు దీనిని గూడ పుచ్చుకొన్నచో వణకు, జ్వరము, మతిభ్రమణము కలుగవచ్చును. 2011లో అమెరికా ఔషధశాఖ ఈ సంగతినే హెచ్చరించినది. పుండు చూచు వైద్యుడు ఆ మాత్రల మాట అడుగడు. రోగి సిగ్గుచే చెప్పడు. అపాయమునకు త్రోవ అచ్చటనే ఏర్పడుచున్నది.

కొలిస్టిన్ కథయు ఇట్టిదే. మూత్రపిండములకు హానికరమని 1970 ప్రాంతమున ప్రక్కనుంచిన ఆ మందునే, వేఱు గతిలేక, వైద్యులు మరల చేపట్టవలసివచ్చినది. మంచి మందులను దుబారా చేసికొన్న ఫలమిది. చాలీచాలని మోతాదున పెనిసిలిన్ వాడినచో సూక్ష్మజీవులు దానికి లొంగకపోవునని ఫ్లెమింగు పండితుడు 1945లోనే చెప్పియుండెను. వైద్యుని చీటి లేక ఇట్టి మందులు వాడరాదని తెలుపుటకు మందుల అట్టలపై ఎఱ్ఱగీతను గూర్చి కేంద్రప్రభుత్వము 2016లో ప్రచారము సాగించినది. అయినను జలుబు చేసినంతనే అంగడికి పోయి మాత్రలు కొనువారు మనలో నెందఱు లేరు?

కావున మేము కోరునది మూడు సంగతులు. మొదటిది, ఘాటైన మందు మొదలుపెట్టకముందే చీమును తీసి పరీక్షకు పంపవలెను. రెండవది, లినెజోలిడ్ వాడు రోగికి వారమున కొకసారి రక్తపరీక్ష జరుగవలెను. బీదలు గూడ ఈ పరీక్షలు పొందునట్లు ప్రభుత్వము తన ఆసుపత్రులలో ఏర్పాటు చేయవలెను. మూడవది, రోగి తాను వాడు మందులన్నింటిని దాపఱికము లేక వైద్యునకు చెప్పవలెను. చూపు మసకయైనచో ఆనాడే తెలుపవలెను. భయపడి తానై మందు మానరాదు. మానుటయో మార్చుటయో వైద్యుడే నిర్ణయింపవలెను. ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొనము గదా! పుండును మాన్పుకొను తొందరలో కన్నును పోగొట్టుకొనుటయు అట్టిదే.